వాని తల మీద పెట్టిన చెయ్యి

ఒక మాట నా లోపట పడి ఉన్నది. బియ్యంల రాయి అయితే ఏరి పారేద్దును. ఇది ఏరితే దొరకది. నేను కూసుంటే కూసుంటది, లేస్తే లేస్తది. మావాడు డ్యూటీకి పొయ్యేటప్పుడు హెల్మెట్ నెత్తికి పెట్టుకుంటడు చూడు, అప్పుడు ఇంకింత బరువైతది. ఆ నెత్తి మీదనే నేను చెయ్యి పెట్టిన. పెట్టి అబద్ధం ఆడిన. ఇంత చిన్న మాట చెప్పనీకె నాకు ఇన్నేండ్లు పట్టింది.

నాకు రాయరాదు. నేను చెప్తుంటే పక్కింటి పిల్ల రాస్తున్నది. డిగ్రీ చదువుతది. నేను ఆగితే ఆగమన్న, ఏడిస్తే అది రాయొద్దన్న. నా పేరు వద్దు, మావాని పేరు వద్దు. ఊరు అడిగితే వేంసూరు దిక్కు అని రాయమన్న, అంతే. అతని పేరు మాత్రం రాయమన్న. ముత్తయ్య. పేరు దాచుకునే పని అతను ఏమీ చెయ్యలే.

చదివే మీరెవరో నాకు తెల్వదు. తెల్వదు గనకనే చెప్తున్న. తెలిసిన మొఖం ఎదురుంటే నా నోరు ఎప్పుడో మూతపడేది.

మా మామ తన కొడుకును నమ్మలే. నమ్మే లెక్క లేకుండె మా ఆయన, పొద్దున లేస్తే తాగుడే. అందుకని ఉన్న చెలక భూమంత మనుమని పేరు మీద రాసి కన్ను మూసిండు. మావాడు అప్పుడు బడికి పొయ్యే పిల్లగాడు. తర్వాత మా ఆయన కామెర్లయి పోయిండు. మావాడే కొరివి పెట్టిండు. పదకొండో దినం నాడు మా అన్న, వాని మేనమామ, అందరి ముంగట వాని నెత్తికి తెల్ల రుమాలు చుట్టిండు. మా దిక్కు గది పద్ధతి. "ఇయ్యాల్టి సంది ఈ ఇంటికి నువ్వే పెద్దరా" అన్నడు. రుమాలు పెద్దది, నెత్తి చిన్నది. చెవుల మీదికి జారుతుంటే వాడు మాటిమాటికి పైకి నెట్టుకుంటున్నడు. ఆడోళ్ళందరు ఏడుస్తున్నరు. నేను ఏడ్వలే. ఆ జారే రుమాలునే చూస్తున్న.

అప్పటికి పదిహేడు నడుస్తున్నయ్ వానికి. నాకు తెల్వక కాదు. కళ్ళంల మిర్చి ఆరబోస్తుంటే నొప్పులు వచ్చినయ్ నాకు, ఆ మిర్చి ఘాటుల తుమ్ముకుంట దవాఖానాకు పోయిన. మర్చిపొయ్యే పుట్టుకనా అది? ఏ తల్లి మర్చిపోతది?

ముత్తయ్య, ఆయన భార్య జోగమ్మ, భద్రాచలం అవతల అడివిల ఊరి నుంచి వచ్చేటోళ్ళు. ఏటేటా మిర్చి ఏరనీకె వచ్చి మా కొట్టంల ఉండేది. వాళ్ళ మాట వాళ్ళు మాట్లాడుకుంటుంటే మాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ముత్తయ్య దేవుడేం కాదు, చెప్తున్న. నోరు మంచిది కాదు. పశువులు చేన్లకు వస్తే పశువులోళ్ళ ఇంటిదాక పోయి తిట్టి వచ్చేది. కానీ పనిల కూసున్నోడు కాదు. మా ఆయన పోయిన ఏడు మిర్చి ఏరుడు అయిపోయినంక వాళ్ళు ఊరికి పోలే. "ఒక్కదానివి ఏం చేస్తవు అక్కా, ఉంటం తియ్యి" అన్నడు.

అప్పుడు మా దిక్కు అందరు పామాయిల్ మొక్కలు పెడుతున్నరు. నేనూ పెడదామనుకున్న. పామాయిల్ అంటే నాలుగేండ్లు సాకాలె. పాదులు చెయ్యాలె, నీళ్ళు పెట్టాలె, అడివి పందులు వచ్చి మొవ్వ తినిపోకుండ మంచె మీద పండాలె. ఆ నాలుగేండ్లు చేతికి ఏమీ రాదు. నాతోని అయ్యేది కాదు, మావాడు ఇంటర్ల ఉన్నడు. ముత్తయ్యతోని మాటనుకున్నం. నాలుగేండ్లు అతను సాకుతడు. చెట్ల నడుమ మక్క, కూరగాయలు ఏసుకొని తింటడు. గెలలు పడ్డ సంది ఇంకో ఎనిమిదేండ్లు పంటల సగం వాళ్ళది, సగం మాది. అంటే ఏంది? ముందుగాల చేసే చాకిరికంత కూలి తర్వాత వచ్చే గెలలల్లనే ఉన్నది. అది లేకపోతే ఆ నాలుగేండ్లు ఉత్తదే.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలె. కాయితం అడిగింది ముత్తయ్య కాదు. నేను. నడుమల ఇడిచిపెట్టి అడివికి పోతడేమోనని నా భయం. అతన్ని కట్టెయ్యనీకె కాయితం కావాలన్న. నేనే అన్న.

సత్తుపల్లికి పోయినం, నలుగురం. రిజిస్ట్రేషన్ ఆఫీసు బయట టార్పాలిన్ పట్టా కింద కుర్చీ ఏసుకొని దస్తావేజులు రాసేటాయన ఉంటడు. భూమి ఎవరి పేరు మీదున్నదో చూసిండు. మావాని దిక్కు చూసి నవ్విండు.

"ఏమయ్యా పట్టాదారు, మీసమే సరిగ మొలవలే. పద్దెనిమిది నిండినయా?"

మావాడు నా దిక్కు చూసిండు. నేను ఏం అనకముందే ఆయనే చెప్పిండు. నిండకపోతే వీడు పెట్టే సంతకం చెల్లదు, తల్లి పెట్టాలె, అయిదేండ్లు దాటిన కౌలైతే కోర్టు పర్మిషన్ తెచ్చుకోవాలె అని. అంటే నాకు ఆ దినమే తెలుసు. గుర్తు పెట్టుకోండి. తర్వాత ఎవరు ఏమన్నా, నేను ఏమని ఏడ్చినా, నాకు ఆ దినమే తెలుసు.

కోర్టు అంటే ఎన్ని తిరుగుళ్ళు? మొక్కలు నర్సరీల ఎదురు చూస్తున్నయ్. వానలు పడేటట్టున్నయ్. "నిండినయ్ సారూ" అన్న. ఆధార్ కార్డు తియ్యమన్నడు. "అండ్ల పుట్టిన తేదీ తప్పు పడ్డది" అన్న. ఆయన ఇంకో మాట అడగలే. ఎందుకు అడుగుతడు? మా దిక్కు ఎవరి కార్డుల తేదీ సక్కగున్నది కనుక? నాకంటే మా చెల్లె పెద్దదని ఉన్నది కార్డుల. తప్పులు గంతగనం ఉంటయ్ గనక, సక్కగున్న ఒక్క కార్డును తప్పని చెప్తే అందరు నమ్మిన్రు.

ముత్తయ్య మాత్రం వేలిముద్రకు చెయ్యి చాపలే. కాయితాన్ని పక్కకు నెట్టి నా దిక్కు తిరిగిండు.

"అక్కా, ఈ రాత నాకు తెల్వదు. ఆ సారు తెల్వదు. నువ్వు తెలుసు. నువ్వు చెప్పు. పిల్లగాడు పెద్దోడేనా? రేపు ఏం పేచీ రాదు గదా?"

జోగమ్మ విసుక్కున్నది. "అక్కను గట్ల అడుగుతవేంది? మొన్ననే గదా రుమాలు కట్టిన్రు, నువ్వు బువ్వ తినలేదా ఆనాడు? మూడుసార్లు పెట్టిచ్చుకున్నవు!"

అందరు నవ్విన్రు. మావాడు సుత నవ్విండు. ఆ నవ్వు అయిపోకముందే నేను వాని నెత్తి మీద చెయ్యి పెట్టిన.

"రుమాలు కట్టిచ్చుకున్నోడు పెద్దోడు కాకుంటే ఇంకెవడు పెద్దోడు ముత్తయ్యా? పద్దెనిమిది నిండినయ్. వీని మీద ఒట్టు."

నా చెయ్యి కింద వాని నెత్తి కదిలింది. కొంచెమే. వెంట్రుకలు అప్పుడే పెరుగుతున్నయ్, దినాలకు గుండు కొట్టించింది కదా, చేతికి గరుకుగ తగిలినయ్. ఇప్పటికీ తగులుతయ్. గిన్నెలు తోముతుంటే తగులుతయ్. వాడు పెన్ను తీసుకున్నడు. సంతకం పెట్టిండు. బడిల నేర్పినట్టు పూర్తి పేరు, గుండ్రంగ, ఒక్కొక్క అక్షరం. ముత్తయ్య వేలిముద్ర ఏసిండు.

రుమాలు కట్టినం గనక పెద్దోడేనని నాకు నేను చెప్పుకున్న చాలా ఏండ్లు. ఊరంతా వాణ్ణి పెద్దోడనే అన్నది, నేనొక్కదాన్నే అన్ననా అని. కానీ ఊరికి వాని వయసు తెల్వదు. నాకు తెలుసు. ఊరు అన్నది ఒకటి, నేను అన్నది ఒకటి. మాట ఒక్కటే ఉండొచ్చు.

మొక్కలు పెట్టినం. ముత్తయ్య సాకిండు. ఎట్ల సాకిండో చెప్పాలె, లేకుంటే నేను చేసిందేందో మీకు తెల్వది. పామాయిల్ మొక్కకు రెండేండ్లు నిండకముందే పూత వస్తది. ఆ పూతను తీసెయ్యాలె. తీసెయ్యకపోతే మాను బలం కాదు. మట్టలకు ముళ్ళుంటయ్, చేతులు చీరుకుపోతయ్. ముత్తయ్య ఒక్కొక్క చెట్టు కాడ వంగి, మట్టల సందుల చెయ్యి పెట్టి, వచ్చిన పూతను వచ్చినట్టే తీసేది. నాకు పానం కొట్టుకునేది. "వచ్చిన పంటను పారేస్తరా ఎవరన్న?" అని అడిగిన. "వయసు రానిదానితోని కాయించొద్దు అక్కా" అన్నడు. అతనికి నా సంగతి తెల్వక అన్నడు. నేను ఇంటికి వచ్చి అన్నం తినలే.

నాలుగో ఏడు గెలలు పడ్డయ్. ఎర్రగ, నల్లగ నిగనిగలాడుకుంట. మొదటి గెల కోసిన దినం జోగమ్మ దానికి బొట్టు పెట్టింది. అంతలనే మా అన్న వచ్చిండు. తోటంత తిరిగి, చెట్టు చెట్టుకు చెయ్యి ఆనించి, నా దిక్కు చూసి అన్నడు, "దీంట్ల సగం వానికి పోతదా? ఎనిమిదేండ్లా? నీకేమన్న పిచ్చా చెల్లె?"

అన్న మీద నెట్టెయ్యొచ్చు. నెట్టెయ్యను. ఆయన అన్న మాట నాలోపట అప్పటికే ఉన్నది. ఆయన బయట పెట్టిండు, అంతే.

సత్తుపల్లిల ఒక లాయరు కాడికి పోయినం. ఆయన ఒక్కటే అడిగిండు, సంతకం పెట్టిన నాటికి పిల్లగానికి ఎన్నేండ్లు అని. చెప్పిన. "అయితే అది కాయితమే కాదమ్మా" అన్నడు. వయసు ఎక్కువ చెప్పి పెట్టినా సరే, చిన్నోడు చిన్నోడేనంట. చట్టం వాని దిక్కే ఉంటదంట. "వయసు చెప్పింది నేను సారూ" అన్న. ఆయన చెయ్యి అడ్డం పెట్టిండు. "ఆ మాట ఇక్కడనే ఇడిచిపెట్టు. చదువు రాదు, తెల్వదు అను. నీ మీద ఎవరూ అనుమానపడరు."

నిజమే. ఎవరూ పడలే. చదువు రానిదాన్ని, మొగుడు లేనిదాన్ని, నాకేం తెలుస్తది అన్నరు అందరు. నా రానితనం కింద దాక్కున్న నేను. గంత మంచి చోటు ఎవరికి దొరుకుతది?

ఇంకోటి ఉన్నది. ఇది ముత్తయ్యకు తెల్వదు, అన్నకు సుత గుర్తుండదు, మావానికి అసలే తెల్వదు. ఇది చెప్పనీకే ఇంత చెప్పిన.

మావాడికి అప్పుడు ఇరవై దాటినయ్. ఈ సంగతి తెలిసి వాడు కోపానికొచ్చిండు. "అమ్మా, అప్పుడు చిన్నోణ్ణి సరే, ఇప్పుడు పెద్దోణ్ణే కదా. నేను పెట్టిన సంతకం నాదేనని ఇప్పుడు ఒప్పుకుంట. అయిపాయె" అన్నడు. నేను లాయరును అడిగిన. ఆయన చెప్పింది రెండు ముక్కలు. చిన్నప్పుడు పెట్టినదానికి పెద్దయినంక అవునన్నా పానం రాదు అన్నడు, ఇది ఒక ముక్క. అట్ల ఇష్టముంటే మీవాడు ఇప్పుడు కొత్తగ ఇంకో కాయితం రాసిచ్చుకోవచ్చు, ఎవరూ వద్దనరు అన్నడు, ఇది రెండో ముక్క.

ఇంటికి వచ్చి వానికి మొదటి ముక్కే చెప్పిన. "నువ్వు ఒప్పుకున్నా నడవదంట బిడ్డా, లాయరు సారే చెప్పిండు" అన్న. రెండోది మింగిన. అబద్ధం సుత కాదు చూడు. అందులో ఒక్క మాట అబద్ధం లేదు.

వాడు నమ్మిండు. ఖాళీ చెయ్యమని నోటీసు పంపించినం. దాని మీద వాడు సంతకం పెట్టిండు. ఈసారి గుండ్రంగ లేదు.

ముత్తయ్య ఊరి పెద్దమనుషుల్ని కూసోబెట్టిండు. "పిల్లగాని నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేసింది అక్క. నా ముంగట, నా భార్య ముంగట" అన్నడు. పెద్దమనుషులు నన్ను అడిగిన్రు. "నాకు గుర్తు లేదు" అన్న. మావాణ్ణి అడిగిన్రు. నేను వాని మొఖం దిక్కు చూసిన. తల్లి అట్ల చూస్తే పిల్లలు ఏం చేస్తరు? "మా అమ్మ చెప్పినట్టే" అన్నడు. జోగమ్మ కొంగు నోట్లె పెట్టుకున్నది. ముత్తయ్య ఖమ్మం దాక పోయి ఇంకో లాయరును సుత అడిగి వచ్చిండు. ఆయనా అదే చెప్పిండంట, కాయితం నిలబడదు, పడ్డ కష్టానికి ఏమన్న ఇమ్మని దావా ఏసుకోవచ్చు కానీ ఏండ్లు పడతది అని. ఆ ఏండ్లు ఎక్కడివి వాళ్ళకు? కూలికి పోకుంటే బువ్వ లేనోళ్ళు.

పొయ్యే దినం ఇద్దరు సామాన్లు మూట కట్టుకొని మా వాకిట్లకు వచ్చిన్రు. తిడతడనుకున్న. అతని నోరు నాకు తెలుసు. తిట్టించుకోనీకె నిలబడ్డ. అతను గెలలు కోసే ఉలి తీసి గోడకు ఆనించిండు.

"అక్కా, తోట సంగతి ఇడిచిపెట్టు. పిల్లగాని మీద ఒట్టు తియ్యి. తీసి గట్టున పెట్టు. వాడేం చేసిండు?"

నేను అప్పుడన్న తియ్యొచ్చు. చుట్టుపక్కల ఎవరూ లేరు. కోర్టు లేదు, పెద్దమనుషులు లేరు. ఉన్నది మేం ముగ్గురమే, నేను, వాళ్ళిద్దరు. కానీ ఒట్టు తియ్యాలంటే ఏసిన్నని ఒప్పుకోవాలె కదా.

"నేను ఎయ్యని ఒట్టు ఎట్ల తీస్తనయ్యా?" అన్న.

అతను నన్ను చూసిన చూపుల కోపం లేదు. నేనంటే భయపడ్డట్టు చూసిండు. జోగమ్మను జల్దీ పదమన్నడు. భద్రాచలం బస్సు ఎక్కి పోయిన్రు. మళ్ళ ఏ ఏడూ మిర్చికి రాలే. బతికున్నరో లేదో తెల్వదు. తెలుసుకుందామని నేను ఎప్పుడన్న ఆ బస్సు ఎక్కిన్నా? ఎక్కలే.

మావాడు చదువు ఇడిచిపెట్టిండు. ఓపెన్ కాస్ట్ బొగ్గు బావిల డంపర్ నడుపుతడు. పెండ్లయింది, ఒక బిడ్డ. నాతోని మంచిగనే ఉంటడు, మందులు తెస్తడు. తోటల మాత్రం అడుగు పెట్టడు. గెలలు కూలోళ్ళు కోస్తరు, నేను చూస్తుంట. డ్యూటీ దినం గనుల బ్లాస్టింగ్ అయితే మా ఇంటి గిన్నెలు కదులుతయ్. గిన్నె కదిలినప్పుడల్ల నా చెయ్యి కదులుతది. ఒట్టు తగులుతదా, తగలదా? చదువుకున్నోళ్ళు తగలదంటరు. తగలదనే అనుకుందాం. అయితే నేనెందుకు వాడు ఇంటికి వచ్చేదాక అన్నం ముట్టను?

పోయిన నెల మనుమరాలిని బడిల చేర్పించనీకె పోయినం. అక్కడి సారు కాయితం ముంగట పెట్టి, తండ్రి సంతకం అన్నడు. మావాడు పెన్ను పట్టుకొని నా దిక్కు తిరిగిండు. "ఏమ్మా, చెల్లుతదా నా సంతకం? నిన్ను అడిగి పెట్టనా?" అన్నడు. నవ్విండు. సారు నవ్విండు. పిల్ల సుత నవ్వింది, దానికేం తెల్వక. వాడు నవ్వుకుంటనే అన్నడు. కానీ సంతకం పెట్టేముందు ఆగిండు. కొంచెంసేపు. ఆ ఆగుడు నేను చూసిన.

నా కొడుక్కు తన చేతి మీద నమ్మకం లేకుండ చేసింది నేను.

చట్టం తప్పా అంటే కాదు. చిన్నపిల్లలను పెద్దోళ్ళు ముంచకుండ కాపాడనీకె పెట్టిన్రంట ఆ చట్టం. మంచిదే. మరి మావాణ్ణి ఎవరి నుంచి కాపాడాల్సింది? ముత్తయ్య నుంచా? ముత్తయ్య వాణ్ణి ఏం ముంచిండు? పూతను తీసి చెట్టును నిలబెట్టినట్టు, మంచె మీద పండుకొని తోటను నిలబెట్టి ఇచ్చిండు. కాపాడాల్సింది నా నుంచి. ఆ కాయితంల నా పేరు ఎక్కడా లేదు. నా వేలిముద్ర లేదు. చేసిందంత నేను, పెట్టిందంత వాడు.

మొత్తం చెప్పిన. రాసే పిల్ల తల ఎత్తుతలేదు. అది నన్ను రేపటి సంది పెద్దమ్మా అని పిలుస్తదో లేదో. పిలవకపోయినా నేను అడగను.

మధ్యాహ్నం మావాడు డ్యూటీ దిగి వస్తడు. ముందుగాల వానికే చదివి వినిపించమన్న. రెండో ముక్క కాడ ఆగి, ఇంకోసారి చదవమన్న. విన్నంక వాడు ఏమంటడో నాకు తెల్వదు. కొత్త కాయితం రాస్తనంటే రాయనీ, ముత్తయ్యను ఎతుకుతనంటే నేను ఎంట పోత. ఏమీ అనకుండ లేచి పోయినా పోనీ. మాఫీ చెయ్యమని అడగను. అడిగే మొఖం లేదు, అడిగితే అది ఇంకో బరువు వాని మీద.

ఒట్టు తీసి గట్టున పెడుతున్న ముత్తయ్యా. పద్దెనిమిది నిండలే. పదిహేడే నడుస్తున్నయ్. నాకు తెలుసు.

చెప్పినంక ఊపిరి కొంచెం లోపలిదాక పోతున్నది. అంతే. అంతకు మించి ఏం కాలే.

పిల్ల అడుగుతున్నది, కింద పేరు లేకుండ ఎట్ల పెద్దమ్మా అని. పేరు వద్దన్న. మనుమరాలి కాటుక డబ్బా తెమ్మన్న. బొటనవేలు దాంట్ల అద్ది, ఈ కాయితం కింద నేనే ముద్ర ఏస్తున్న. నాకు వయసు నిండింది. ఇది చెల్లదని ఎవరూ అనలేరు.